అత్తగారి ముఖం ఎవరి వంతు

గోరువెచ్చటి కొబ్బరినూనె గిన్నె పట్టుకుని పెద్దకోడలు అత్తగారి గదిలోకి వెళ్ళేసరికి అక్కడ లైటు వెలుగుతోంది.

ఆ వేళప్పుడు ఆ గదిలో లైటు వెలగదు. సాయంత్రం ముఖం తుడిపించుకునేటప్పుడు కిటికీ మూసి, లైటు తీసెయ్యాలన్నది అత్తగారి ఆజ్ఞ. ఒకప్పుడు నాటకాల కంపెనీలో రాణి వేషాలు కట్టిన మనిషి. ఈ వయసులోనూ పొద్దున్నే అద్దం ముందు కూర్చుని, ముఖానికి క్రీమూ దానిమీద పౌడరూ, కళ్ళకు కాటుకా, పెదవులకు పల్చగా రంగూ వేసుకుంటే గానీ కిటికీ తెరవరు. ఆ వీధిలో రోజూ తిరిగే కూరలబండివాడికి కూడా ఆవిడ అసలు ముఖం తెలియదు. రోజుకొక్కసారి బయటపడే ఆ అసలు ముఖాన్ని చీకట్లో పెద్దకోడలి చేతుల్లో పెట్టేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో మొదలైన పని అది. చేతివేళ్ళకే దారి తెలుసు. నుదురు, కనుబొమలు, ముక్కు పక్కన పల్లం, గడ్డం.

ఇవాళ లైటు వెలుగుతోంది. చిన్నకోడలు అత్తగారి గడ్డం పట్టుకుని, పుచ్చకాయ కొనేదానిలా అటూ ఇటూ తిప్పి చూస్తోంది. అత్తగారి మెడ చుట్టూ తువ్వాలు. బల్లమీద మూత నొక్కితే ధార వచ్చే సీసా ఒకటి కొత్తగా వెలిసింది.

"చూడక్కా" అంది చిన్నకోడలు, తల తిప్పకుండానే. "నుదుటి అంచునా, గడ్డం కిందా అన్నీ పొక్కులే. ఈ ఉక్కలో ముఖానికి కొబ్బరినూనె పనికిరాదు. ఒట్టి గుడ్డతో తుడిస్తే సగం లోపలే ఉండిపోతుంది. దానిమీద చెమట. మా డాక్టరుగారు రోజూ మొత్తుకుంటారు."

చిన్నకోడలు చర్మవ్యాధుల ఆస్పత్రిలో ముందు గదిలో కూర్చుని చీటీలు ఇచ్చే ఉద్యోగం చేస్తోంది. పెళ్ళయి ఏడాది కాలేదు. ఆ పిల్ల మాటల్లో మొగుడి ప్రస్తావన వారానికోసారి వస్తే, డాక్టరుగారి ప్రస్తావన పూటకోసారి వస్తుంది.

"మరి అది కూడా నూనేగా" అంది పెద్దకోడలు, సీసా వైపు గడ్డం ఎగరేసి.

"నూనే. కానీ నీళ్ళు తగిలితే కడుక్కుపోయే నూనె. రంగునీ కాటుకనీ పట్టుకుని, తనూ పోతుంది. నువ్వెళ్ళక్కా, ఇవాళ్టి నుంచి నేను చేస్తాలే. నీకూ ఒక పని తగ్గుతుంది."

పని. ఈ ఇంట్లో అంట్లున్నాయి, బట్టలున్నాయి, నీళ్ళు రాని కుళాయి ఉంది, వచ్చినప్పుడు ఆగని కుళాయి ఉంది. వాటన్నిటినీ దాటుకుని వచ్చి, ఈ పిల్లకి తగ్గించడానికి ఇదొక్కటే కనబడింది.

పెద్దకోడలు అత్తగారి వైపు చూసింది. 'ఇదంతా ఎందుకే, పెద్దది చేస్తుందిగా' అంటారని ఆశ. అత్తగారు కళ్ళు మూసుకున్నారు.

"సర్లే, చూద్దాం" అన్నారు.

పెద్దకోడలు వంటింట్లోకి తిరిగొచ్చి, గిన్నెలో నూనె మొత్తం తన నెత్తిమీదే పోసుకుంది. భర్త మంచినీళ్ళకు వచ్చి ఆగిపోయాడు.

"ఏమోయ్, తలనొప్పా?"

"కాదు."

"మరి?"

"తల ఉంది కదా అని రాసుకున్నాను."

ఇక ఆ తల జోలికి పోకుండా ఆయన నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆరిన బట్టలు తీసుకెళ్ళే వంకతో పెద్దకోడలు ఆ గది ముందు నుంచి నడిచింది. ఆ తర్వాత, అదే బట్టల్లో ఒక జాకెట్టు మరిచిపోయినట్టు ఇంకోసారి నడిచింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పొయ్యిమీద పాలు పొంగేలోపు చిన్నకోడలు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేసింది.

ఇంతేనా అనుకుంది పెద్దకోడలు. తన చేతుల్లో ఆ పని పావుగంట పట్టేది. ఆ పావుగంటా అత్తగారు కళ్ళు మూసుకుని కంపెనీ కబుర్లు చెప్పేవారు. ఎవరి సవరం ఎవరు దాచారు, తాగి వచ్చిన రాజు వేషం ఆయన వేరే నాటకంలో మాటలు ఎలా చెప్పారు, ఊరి పెద్ద పంపిన పట్టుచీర ఏ ముగ్గురి మధ్య చినిగింది. తన మేనమామల పిల్లలు ఎక్కడెక్కడున్నారో పెద్దకోడలికి సరిగా తెలియదు గానీ, ఆ కంపెనీలో ఎవరికి ఎవరితో మాటల్లేవో మాత్రం బాగా తెలుసు. పొద్దస్తమానం ఇంట్లో ఆవిడ అత్తగారే. ఆ పావుగంట మాత్రం ఇంకెవరో. ఆ ఇంకెవరో తన ఒక్కదాని సొత్తు.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు బుగ్గ తడుముకుంటూ, "ముఖం తేలిగ్గా ఉందే చిన్నదానా" అన్నారు.

"అవునమ్మా, నిగనిగలాడుతున్నావు" అన్నాడు పెద్దకొడుకు. కూరలో ఉప్పు ఎక్కువైతే తప్ప ఎదుటి మనిషిని గమనించని ఆ మహానుభావుడికి కూడా ఆ నిగనిగ కనబడింది.

"నేను చెప్పలేదూ అమ్మా?" అంది చిన్నకోడలు, మురిసిపోతూ. అది ఇంకొకటి. తను ఇన్నేళ్ళుగా 'అత్తయ్యా' దగ్గరే ఆగిపోయింది. ఈ పిల్ల దిగీ దిగగానే 'అమ్మా' అంది. పిలిస్తే ఆవిడ పలికారు కూడా.

పెద్దకోడలు పెరుగు అందరికీ వడ్డించింది. చిన్నకోడలి దగ్గరకొచ్చేసరికి గిన్నెలో నీళ్ళే మిగిలాయి. కావాలని చేసింది కాదు. కాకపోతే ముందుగా తెలుసు.

ఆ సీసాలోనే ఉందన్నమాట కిటుకంతా. అయితే అంతకంటే మంచి సీసా కొనాలి.

దుకాణంలో పంకా తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. కౌంటరు వెనకున్న అమ్మాయి ముఖానికి వేసుకున్న రంగు చెమటకి చెంపల మీంచి చారలు చారలుగా జారుతోంది.

"ఎవరికండీ? మీకేనా?"

"మా అత్తగారికి."

అమ్మాయి చేతిలో డబ్బా అలాగే పట్టుకుని ఆమె వంక చూసింది. అత్తగారి ముఖ సౌందర్యం కోసం ఎండలో నడిచొచ్చిన కోడలు ఆ కౌంటరుకి అదే మొదలు కాబోలు.

"ఈ డబ్బాలోది వెన్నలా గట్టిగా ఉంటుందండీ. అంటే, ఉండాలి" అని మూత తీసింది. ఆ వేడికి లోపలిది కరిగి చారులా కదిలింది. మూత పెట్టేసింది. "ఇది సీసాలోది. పల్చనిది, వాసన లేదు, తొందరగా కడుక్కుపోతుంది. ఈ ఉక్కకి ఇదే నయం."

అది చూడ్డానికి దగ్గుమందు సీసాలా ఉంది. చిన్నకోడలి సీసా పక్కన పెడితే పనిమనిషిలా ఉంటుంది.

"అదేమిటి?" అంది పెద్దకోడలు, పై అరలో మెరుస్తున్న దాన్ని చూపించి. పొడుగాటి మెడ, బంగారు మూత, లోపల గులాబీరంగు.

"అదండీ, చిక్కటి నూనె. చలి ప్రదేశాల వాళ్ళకి..."

"అదివ్వు."

ముందు తన ముఖం మీద చూసుకోవాలనుకుంది. తుడవడానికి ఏదైనా ఉండాలి కాబట్టి కాటుక దట్టంగా పెట్టి, అత్తగారి పెట్టెలోంచి ఎరుపు తెచ్చి పెదవులకు పూసి, స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ముఖం కడగడం అంటే ముందు దోసిలితో నీళ్ళు కొట్టుకోవడమే. కొట్టుకుంది. తడి ముఖం మీద గులాబీ నూనె రాసింది. రంగుని పట్టుకోకుండా అది పల్చటి పాలై వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. ఇంకాస్త రాసింది. కాటుక కంట్లోంచి చెంపకి, చెంపలోంచి చెవికి ప్రయాణం చేసింది. ఎరుపు గడ్డం దాటింది. కళ్ళు భగ్గున మండాయి. తడుముకుంటూ తలుపు తీసేసరికి ఎదురుగా భర్త.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమోయ్, నువ్వు కూడా నాటకాల్లో చేరుతున్నావా?"

"తప్పుకోండి."

"రాక్షసి వేషానికి మాత్రం మళ్ళీ అద్దం చూసుకోనక్కర్లేదు."

ఆ దుకాణంవాళ్ళు నకిలీ సరుకు అంటగట్టారని ఆమె తీర్మానించుకుంది. వాడిన సీసా వెనక్కి తీసుకోరు, పారెయ్యడానికి మనసు రాదు. మర్నాడు అత్తగారి గది తలుపు బందు కిర్రుమంటుంటే నాలుగు చుక్కలు అందులో వేసింది. తలుపు నోరు మూసుకుంది. గులాబీ వాసన కూడా వేసింది. ఆ బందుకి నూనె కావాలని ఏడాదిగా ఎవరికీ తోచకపోయినా, ఆ రోజే తోచడానికి వేరే కారణం కూడా ఉందని పెద్దకోడలు తనకు తాను ఒప్పుకోలేదు.

సాయంత్రం తలుపుని రెండు వేళ్ళ మేర తోసింది. చప్పుడు లేదు. బీరువా అద్దంలో లోపలంతా కనిపిస్తోంది.

చిన్నకోడలు ముందు తన చేతులు తుడుచుకుంది. అత్తగారి నుదుటి మీద చెమటని తువ్వాలుతో అద్ది, బుగ్గలు అద్ది, గడ్డం కింద కూడా అద్ది, మళ్ళీ చేతులు తుడుచుకుంది. నీటిచుక్క లేకుండా అంతా పొడిగా అయ్యాకే సీసా నొక్కింది. పొడి ముఖం మీద పొడి చేతులతో నూనె రాస్తుంటే, క్రీమూ కాటుకా కరిగి మట్టిరంగుకి తిరిగాయి. అప్పుడు వేళ్ళు నీళ్ళలో ముంచి మళ్ళీ రుద్దింది. అంతా పాలలా తెల్లబడింది. చెంబుడు నీళ్ళు. అయిపోయింది.

పెద్దకోడలు పెదవి కొరుక్కుంది. నకిలీ సరుకు కాదు, తన తడి చేతులే. పైగా ఆ సంగతి దొంగచాటుగా ఈ పిల్ల దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది. ఒళ్ళు ఇంకాస్త మండింది.

"అమ్మా" అంటోంది చిన్నకోడలు, తువ్వాలు మడతపెడుతూ. "మీ నాటకాల సంగతులు ఏమైనా చెప్పచ్చుగా. అక్కకి ఎన్నో చెప్పారట."

"ఏమున్నాయే చెప్పడానికి" అన్నారు అత్తగారు.

"ఒక్కటి."

"లైటు కళ్ళలో పడుతోంది. తీసెయ్."

పెద్దకోడలు పిల్లిలా వంటింట్లోకి వచ్చేసింది. ఆ పూట ఏం వండిందో ఆమెకి గుర్తు లేదు గానీ, వండుతున్నంతసేపూ కూనిరాగం తీసింది. చిన్నకోడలికి పెరుగు గట్టిది పడింది.

రెండోసారి దుకాణానికి వెళ్ళినప్పుడు ఆమె కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, తన ముంజేతి మీద కాటుక గీతలు తనే గీసుకుంది.

"మొన్న నువ్వు చూపించిన దగ్గుమందు సీసా ఏదీ?"

అమ్మాయి నవ్వాపుకుని తెచ్చింది. దాంతో పాటు మరి రెండు రకాలు. పెద్దకోడలు చెయ్యి రుమాలుతో పొడిగా తుడిచి, ఒక్కో గీత మీద ఒక్కో చుక్క వేసి రుద్ది, ఆ తర్వాత తడి వేలు తగిలించింది. ఒకటి పాలలా మారనే లేదు, ముంజేతి మీద బంకలా కూర్చుంది. ఇంకోటి కడుక్కుపోయింది కానీ అత్తరుకొట్టు వాసన వదల్లేదు. దగ్గుమందు మాత్రం కాటుకని వెంటబెట్టుకుని, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. చర్మం మీద జిడ్డు లేదు, లాగినట్టు బిగుసుకోనూ లేదు.

"ఇందులో కొబ్బరినూనె లేదు కదా?"

"లేదండీ."

"కళ్ళు మండవు కదా?"

"కాటుక తియ్యడానికి ఇదే వాడతారండీ. మీకు బాగా తెలిసినట్టుందే, మీరు కూడా ఇదే పనిలో ఉన్నారా?"

"ఉండేదాన్ని. తీసేశారు" అంది పెద్దకోడలు.

సీసా ఉంది, చేతులు పొడిగా ఉన్నాయి. ముఖమే చేతికి చిక్కాలి. దానికి ఎక్కువ రోజులు ఆగనక్కర్లేకపోయింది. చిన్నకోడలు ఫోను చేసింది.

"అక్కా, ఇవాళ మా డాక్టరుగారి దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ఆలస్యమవుతుంది. అమ్మ ముఖం నేనొచ్చి చేస్తా. లేదంటే నా అరలో సీసా ఉంది, కానీ ముందు చేతులు..."

"తెలుసు" అని పెట్టేసింది పెద్దకోడలు.

కిటికీ మూసింది. లైటు తీసింది. వసారాలోంచి వచ్చే కాస్త వెలుతురు సరిపోయింది. అత్తగారు ఏమీ అడక్కుండా కుర్చీలో వెనక్కి వాలారు. పెద్దకోడలు తువ్వాలుతో ఆవిడ ముఖం మీది చెమట అద్దింది. తన చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. అరచేతిలో నూనె పోసుకుని నుదుటి మీద పెట్టగానే, వేళ్ళు తమ పాత దారి పట్టాయి.

"ఇది చిన్నదాని సీసా కాదే" అన్నారు అత్తగారు, కళ్ళు తెరవకుండా.

"కాదు. నాది."

"ఊఁ."

కనుబొమల దగ్గర వేళ్ళు గుండ్రంగా తిరిగాయి. అత్తగారి భుజాలు కిందికి దిగాయి.

"ఆ రాత్రి రాజు గారికి ముందు కిరీటం ఊడింది" అన్నారు, ఎక్కడో మధ్యలో ఆపిన మాట అందుకున్నట్టు. "పట్టుకోబోయి ముందుకి తూలాడు. జనం కౌగిలింత అనుకున్నారు. ఆ ఊపులో ఆయన మీసం ఊడొచ్చి నా బుగ్గకి అంటుకుంది. నాకు తెలీదు. మీసంతోనే ఏడుపు పాట మొత్తం పాడాను. వెనక బెంచీలోంచి ఒకడు, 'రాణిగారూ, మీకు పట్టాభిషేకం ఎప్పుడు' అని..."

పెద్దకోడలు నవ్వు ఆపుకోలేక చేతులు తీసేసింది. అత్తగారి పొట్ట కూడా కదులుతోంది. వారం నుంచి గుండెల్లో ముడిపడి ఉన్నదేదో వదులైంది. వదులవగానే లోపలున్నది బయటికొచ్చింది.

"అత్తయ్యా, ఒకటి అడగనా? కొబ్బరినూనె మీకు పడలేదా?"

"పడలేదు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ. ఉక్క రోజుల్లో అయితే మరీను. దురద."

వేళ్ళు ఆగిపోయాయి. "మరి ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావుగా" అన్నారు అత్తగారు. "వేషం వేసుకునేటప్పుడు ఎవరూ మాట్లాడరే. నోట్లో పాఠం ఉంటుంది. తీసేటప్పుడే కబుర్లు. కంపెనీలో ఉన్నన్నాళ్ళూ అంతే. ఆ కబుర్ల కోసం పొక్కులు పడితే పడ్డాయి అనుకున్నా."

పెద్దకోడలికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. చిన్నకోడలు ఎదురుగా ఉండి ఈ మాట విని ఉంటే ఎంత బాగుండేది. ఇన్నేళ్ళూ ఆవిడ ముఖాన్ని పాడు చేసింది తనేనన్న సంగతి, ఆ సంతోషం వెనకే చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చుంది.

"కానీ" అన్నారు అత్తగారు. "చిన్నది ముఖం తుడవడానికి వచ్చిన మొదటిరోజే లైటేసి, గడ్డం పట్టుకుని చూసింది. తిడదామనుకున్నా. నోరు రాలేదు. నా ముఖం మనిషన్నవాళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో."

"లైటు తియ్యమంది మీరేగా?"

"నేనే. తీసేశావు. రోజూ తీసేశావు. ఎప్పుడైనా ఒక్కరోజు వేస్తావేమో అనుకునేదాన్ని."

అందులో నిష్ఠూరం లేదు. పెద్దకోడలు తన నూనె చేతుల వంక చూసుకుంది. ఈ ముఖం మీద ఏ పల్లం ఎక్కడుందో వేళ్ళకు తెలుసు. ఎలా ఉంటుందో కళ్ళకు తెలియదు.

నీళ్ళ గిన్నె కోసం పక్కకి తిరిగింది. తలుపు దగ్గర చిన్నకోడలు నిలబడి ఉంది. భుజాన సంచి, జాకెట్టు చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది. ఎప్పుడొచ్చిందో, బందుకి వేసిన గులాబీ నూనె చప్పుడు కానివ్వలేదు. మీసం కథ విన్నట్టుంది. కబుర్ల మాట కూడా విన్నట్టుంది. సంచి పట్టీని రెండు చేతులతో మెలిపెడుతూ, కుర్చీ వంకా పెద్దకోడలి వేళ్ళ వంకా చూస్తోంది.

ఆ చూపు పెద్దకోడలికి కొత్త కాదు. వారం నుంచి రోజూ అద్దంలో చూస్తూనే ఉంది.

అబద్ధం ఎందుకు, కాసేపు తనివితీరా చూసుకుంది. అచ్చం అలాగే ఉంది. పెదవి కూడా అదే పక్క కొరుక్కుంటోంది. ఆ పిల్ల ఇక వెనక్కి తిరిగి వెళ్ళిపోబోతుండగా,

"ఆ లైటు వెయ్యి" అంది పెద్దకోడలు.

"నీ దగ్గర అమ్మ తీసెయ్యమంటారుగా అక్కా."

"వెయ్యమన్నాను."

లైటు వెలిగింది. అత్తగారు కళ్ళు చికిలించారు కానీ ముఖం తిప్పుకోలేదు. నూనెలో కరిగిన క్రీము కింద ఆవిడ ముఖం ముడతలు ముడతలుగా, చిన్నగా, ఎవరో తెలియని ముసలావిడ ముఖంలా ఉంది. ఎడమ కనుబొమ చివర పాత కుట్లమచ్చ ఒకటి. దాని మీంచి వేళ్ళు ఎన్ని వేలసార్లు వెళ్ళాయో. నుదుటి అంచున పొక్కులు ఎండిపోయి, చర్మం మామూలు రంగుకి తిరుగుతోంది.

పెద్దకోడలు ఆ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"నుదుటి మీద తగ్గాయి" అంది. బొటనవేలితో ఆ అంచుని ఒకసారి తడిమి చూసింది. "నీ వైద్యం మంచిదే."

చిన్నకోడలు సంచి కింద పెట్టింది. "గడ్డం కింద?"

"ఇంకా ఉన్నాయి. నువ్వే చూడు. చేతులు తుడుచుకుని రా."

"మీరిద్దరూ నన్ను చూసింది చాలు గానీ" అన్నారు అత్తగారు, "ఎవరో ఒకరు నీళ్ళు పెట్టండే. నూనె కంట్లోకి దిగుతోంది."

చిన్నకోడలు గిన్నె అందుకుంది. వేళ్ళు ముంచి ఒక బుగ్గ మీద రుద్దింది. రెండో బుగ్గ పెద్దకోడలు వదల్లేదు. రెండు పక్కలా నూనె తెల్లగా పాలలా తిరిగింది.

"అంత తొందరెందుకు, బస్సేమైనా పోతోందా?" అంది పెద్దకోడలు. "మెల్లగా చెయ్యి. మెల్లగా చేస్తేనే చెబుతారు."

చిన్నకోడలి వేళ్ళు నెమ్మదించాయి. లైటు వెలుగుతూనే ఉంది. తర్వాత అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"ఆ రాత్రి ఏమైందంటే చిన్నదానా, రాజు గారి మీసం ఊడి..."

ఇందాకటి దాకా ఆ మీసం పెద్దకోడలి ఒక్కదానిదే.

"ముందు ఊడింది కిరీటం అత్తయ్యా" అంది, బుగ్గ మీద చెయ్యి తియ్యకుండా. "మీసం తర్వాత."